ధ్రువణ క్వార్క్ నుంచి పయాన్ దాకా: బాణం చాలదు, మాత్రిక కావాలి (బరంపురంలో చేసిన ఒక ఎమ్మెస్సీ ప్రాజెక్టు కేస్ స్టడీ)

ప్రోటాన్ లోపల ఉండే చిన్న కణాలు క్వార్క్‌లు, వాటిలో అప్, డౌన్ అని రకాలు. ఒక అప్ క్వార్క్‌ని ప్రోటాన్‌లోంచి బలంగా కొట్టి బయటికి తోశాం అనుకోండి. దాని స్పిన్ (కణానికి సహజంగా ఉండే కోణీయ ద్రవ్యవేగం) అది వెళ్లే దారికి అడ్డంగా, పైకి ఉంది. ఇలా స్పిన్ ఒక దిక్కున నిలవడాన్నే ధ్రువణం అంటారు. క్వార్క్ ఒంటరిగా ఏ డిటెక్టర్‌లోనూ కనబడదు. పయాన్లుగా, కేయాన్లుగా, ఇతర హాడ్రాన్లుగా (క్వార్క్‌లతో కట్టిన కణాలుగా) మారాకే మన చేతికి అందుతుంది. క్వార్క్ వెనకాల నిలబడి చూస్తే ఆ పయాన్లు ఎడమకి ఎక్కువ పోతాయా, కుడికి ఎక్కువ పోతాయా? రెండు వైపులా సమానంగా పోతే స్పిన్ సంగతి దారిలో చెరిగిపోయినట్టే. తేడా ఉంటే మాత్రం ఆ తేడాని చదివి లోపలి క్వార్క్ స్పిన్ ఎటుందో చెప్పొచ్చు. ఇలాంటి తేడా ఉండొచ్చని 1993లో జాన్ కాలిన్స్ సిద్ధాంతపరంగా చూపించారు. అందుకే దీన్ని కాలిన్స్ ప్రభావం అంటారు.

గంజాం జిల్లా బరంపురంలో నేను ఎమ్మెస్సీకి న్యూక్లియర్, పార్టికల్ ఫిజిక్స్ చెబుతాను. ఫైనల్ ఇయర్ ప్రాజెక్టుగా ఈ ప్రశ్నని ఇద్దరికి ఇచ్చాను. ఒకమ్మాయిది పర్లాకిమిడి, అబ్బాయిది ఛత్రపురం. ఇద్దరి ఇళ్లలోనూ తెలుగే, బడిలో చదివింది ఒడియా మీడియం, చేతిలో ఉన్న పుస్తకాలు ఇంగ్లీషువి. మా దగ్గర ఉన్నది మామూలు డెస్క్‌టాప్, అందులో పైథాన్. పార్టికల్ ఫిజిక్స్ ప్రాజెక్టు అనగానే పెద్ద యాక్సిలరేటర్ డేటా, వందల ప్రాసెసర్లు కావాలని పిల్లలు భయపడతారు. ఈ సమస్యలో అసలు కష్టమంతా రెండు వరుసలు, రెండు నిలువుల మాత్రికలోనే ఉంది. కాగితం మీద లెక్క చేసి, అదే జవాబు కోడ్‌తో రాబట్టగలిగిన సమస్య ఇది. ఎమ్మెస్సీ స్థాయిలో ఇంతకంటే మంచి శిక్షణ లేదని నా గట్టి నమ్మకం.

ముందు స్పిన్ లేని కథ చెప్పుకోవాలి. స్వీడన్‌లోని లుండ్‌లో ఆండర్సన్, గుస్టాఫ్‌సన్, ఇంగెల్‌మన్, షోస్ట్రాండ్ తయారుచేసిన స్ట్రింగ్ మోడల్ మాకు ఆధారం. పారిపోతున్న క్వార్క్‌కీ వెనక మిగిలినదానికీ మధ్య రంగు బలం (క్వార్క్‌లని కట్టి ఉంచే బలం) సన్నటి తాడులా సాగుతుంది. ఒక ఫెర్మి (దాదాపు ప్రోటాన్ పరిమాణం) పొడవుకి సుమారు 1 జీఈవీ (కణాల శక్తికి కొలమానం) శక్తి చొప్పున అందులో చేరుతుంది. మన కొలతల్లో అది దాదాపు 16 టన్నుల బరువు లాగే బలం. తాడు సాగేకొద్దీ శూన్యంలోంచి ఒక క్వార్క్, యాంటీక్వార్క్ జంట పుట్టి తాడు తెగుతుంది. ముందున్న క్వార్క్, కొత్తగా పుట్టిన యాంటీక్వార్క్ కలిసి మొదటి హాడ్రాన్ అవుతాయి. మిగిలిన కొత్త క్వార్క్ తాడు చివర నిలబడుతుంది. మళ్లీ తెగడం, మళ్లీ హాడ్రాన్. ఇలా వరసగా వచ్చేవాటిని ఒకటో ర్యాంకు, రెండో ర్యాంకు అని పిలుస్తాం.

తాడు తెగినప్పుడు జంటకి అడ్డు దిశలో కొంత ద్రవ్యవేగం వస్తుంది. ఒకదానికి ఎంత వస్తే రెండోదానికి అంతే, ఎదురు దిశలో. టన్నెలింగ్ (జంట శక్తి అడ్డుగోడని దాటి పుట్టడం) లెక్క ప్రకారం దాని వెడల్పు సుమారు 0.25 జీఈవీ రావాలి. కణాల ఢీకొట్టుళ్లను కంప్యూటర్‌లో అనుకరించే పిథియా ప్రోగ్రామ్‌లో డేటాకి సరిపెట్టిన విలువ 0.335. చిన్న చిన్న గ్లువాన్లు (రంగు బలాన్ని మోసే కణాలు) కలిపే కుదుపు కూడా ఆ అంకెలో చేరిందని అర్థం చేసుకుంటాం. మేం 0.335నే తీసుకున్నాం, అంటే అడ్డు ద్రవ్యవేగం వర్గం సగటు 0.112. హాడ్రాన్ ఎంత శక్తి వాటా పట్టుకుపోతుందన్నది మా కోడ్‌లో విడిగా ఎంచాం. అసలు లుండ్ సూత్రంలో వాటాకీ అడ్డు ద్రవ్యవేగానికీ సంబంధం ఉంది. దాన్ని కావాలనే పక్కన పెట్టాం, ఎందుకంటే అప్పుడే ప్రతి జవాబునీ పెన్సిల్‌తో సరిచూసుకోగలం. హాడ్రాన్లలో పయాన్లు మాత్రమే, క్వార్క్‌లలో అప్, డౌన్ మాత్రమే.

ఇప్పుడు స్పిన్. శూన్యంలోంచి పుట్టే జంట శూన్యం గుణాలతోనే పుట్టాలి, మొత్తం కోణీయ ద్రవ్యవేగం సున్నా కావాలి. జంట స్పిన్‌లు రెండూ ఒకే దిక్కున ఉండి ఒకటి అయితే, వాటి కక్ష్యా కోణీయ ద్రవ్యవేగం ఎదురు దిక్కున ఒకటి ఉండి దాన్ని రద్దు చేయాలి. దీన్నే త్రీ-పీ-జీరో స్థితి అంటారు. ఒప్పులకుప్ప ఆడే ఇద్దరు ఆడపిల్లల్ని గుర్తు తెచ్చుకోండి. చేతులు పట్టుకుని గిర్రున తిరుగుతూ ఒక్కసారి వదిలేస్తే, ఇద్దరూ తమ మధ్య ఉన్న గీతకి అడ్డంగా, ఒకరికొకరు ఎదురు దిక్కుల్లో తూలిపోతారు. తాడు తెగినచోట జంట కూడా అంతే. తిరిగే దిక్కు తెలిస్తే ఎవరు ఎటు తూలతారో తెలిసిపోతుంది.

గుర్తు ఎటు వస్తుందో బోర్డు మీద వేసి చూపించాను. ముందు క్వార్క్ స్పిన్ పైకి. పయాన్ స్పిన్ సున్నా కాబట్టి కొత్త యాంటీక్వార్క్ స్పిన్ కిందికి. జంట స్పిన్‌లు ఒకే దిక్కు కాబట్టి కొత్త క్వార్క్ స్పిన్ కూడా కిందికి. కక్ష్య దానికి ఎదురు, అంటే పైకి. యాంటీక్వార్క్ ముందు వైపు ఉంది కాబట్టి అది ఎడమకి తూలాలి, కొత్త క్వార్క్ కుడికి. మొదటి పయాన్ ఎడమకి పోతుంది. మిగిలిన క్వార్క్ స్పిన్ తిరగబడింది గనక రెండో తెగుడులో యాంటీక్వార్క్ కుడికి. రెండో పయాన్‌కి కుడివైపు రెండు తోపులు కలుస్తాయి: ముందు తెగుడులో వచ్చిన ఎదురు తోపు ఒకటి, ఈ తెగుడు తోపు ఒకటి. చాలామంది పాఠాల్లో "రెండోది ఎదురు దిక్కు" అని మాత్రమే చెప్పి వదిలేస్తారు. రెండోది మొదటిదానికంటే గట్టిగా ఎదురు పోతుందన్నది ఈ మోడల్‌లో నాకు అన్నిటికంటే నచ్చే సంగతి.

ఛత్రపురం అబ్బాయి ఈ బోర్డు బొమ్మనే నేరుగా కోడ్‌గా రాశాడు. ప్రతి క్వార్క్‌కి ఒక బాణం, పయాన్ వచ్చిన ప్రతిసారీ బాణం తిరగబడుతుంది. ఎడమ కుడి తేడా ఎంత ఉండాలన్నది మాత్రం బొమ్మ చెప్పదు. దానికి ఆర్త్రూ, కెర్బిజీ, వాళ్ల సహచరులు 2018లో ప్రచురించిన మోడల్‌లోని బరువు సూత్రాన్ని తీసుకున్నాం. అందులో మ్యూ అనే ఒక సంకీర్ణ సంఖ్య ఉంటుంది, అది ద్రవ్యరాశి లాంటి పరామితి. దాని వాస్తవ భాగం 0.42, కల్పిత భాగం 0.76 జీఈవీ. ఒక అడ్డు ద్రవ్యవేగానికి ఎడమ కుడి తేడా ఇలా వస్తుంది: కల్పిత భాగాన్నీ అడ్డు ద్రవ్యవేగాన్నీ గుణించి రెట్టింపు చేయాలి, దాన్ని మ్యూ పరిమాణం వర్గం, అడ్డు ద్రవ్యవేగం వర్గం కలిపిన మొత్తంతో భాగించాలి. మ్యూ పరిమాణం వర్గం 0.754. అడ్డు ద్రవ్యవేగం 0.3 అయితే తేడా 0.54 వస్తుంది. అన్ని విలువల మీదా సగటు తీస్తే 0.52. మ్యూకి కల్పిత భాగం లేకపోతే తేడా సున్నా. ఒప్పులకుప్ప బొమ్మ వెనక ఉన్న క్వాంటం సంగతి ఇదే. రెండు ఆంప్లిట్యూడ్‌ల (పరిమాణాన్ని వర్గం చేస్తే అవకాశాన్నిచ్చే సంకీర్ణ సంఖ్యల) మధ్య దశ తేడా లేకపోతే ఎడమ కుడి తేడా పుట్టదు.

బాణం కోడ్ చక్కగా నడిచింది. మొదటి పయాన్ సగటున ఎడమకి 0.098 జీఈవీ, రెండోది కుడికి 0.197, మూడోది ఎడమకి 0.197. కాగితం మీది అంకెలూ ఇవే.

పర్లాకిమిడి అమ్మాయికి ఇచ్చిన పని మాత్రిక కోడ్. ఇక్కడ క్వార్క్ స్పిన్ అంటే బాణం కాదు, సాంద్రతా మాత్రిక: స్పిన్ ఏ దిక్కున ఎంత అవకాశంతో ఉందో చెప్పే రెండు వరుసల మాత్రిక. ఒక తెగుడు అంటే ఆ మాత్రికని ఎడమ పక్క నుంచి తెగుడు ఆంప్లిట్యూడ్‌తో, కుడి పక్క నుంచి దాని సంయుగ్మ పరివర్తితంతో గుణించడం. ఆంప్లిట్యూడ్‌లో మ్యూ ఒక భాగం, పౌలి మాత్రికలతో (స్పిన్‌ని రాయడానికి వాడే రెండు వరుసల మాత్రికలతో) అడ్డు ద్రవ్యవేగం కలిసిన భాగం ఇంకోటి, పయాన్ కోసం తాడు దిక్కు పౌలి మాత్రిక చివర్న. వచ్చిన మాత్రిక వికర్ణం మొత్తం ఆ తెగుడు జరిగే అవకాశాన్ని చెబుతుంది. ఆ మొత్తంతో భాగిస్తే మిగిలిన క్వార్క్ సాంద్రతా మాత్రిక వస్తుంది. కోడ్‌లో ఇదంతా నాలుగైదు లైన్లకి మించదు. ఇలా రాస్తే అవకాశం ఎప్పుడూ రుణాత్మకం కాదు, స్పిన్ పొడవు ఎప్పుడూ ఒకటి దాటదు. చేతికి తోచినట్టు కోణం సైన్ (sine) పదాలు తగిలించుకుంటూ పోయే మోడళ్లలో ఈ రెండు హామీలూ ఉండవు.

కోడ్ రాసే ముందే ఆమె చేత మూడు లెక్కలు కాగితం మీద చేయించాను. కోడ్ వచ్చాక చేస్తే, వచ్చిన అంకెకి తగ్గట్టు కాగితం వంగిపోతుంది. మొదటి లెక్క: అడ్డు స్పిన్ ఒక్కో తెగుడుకి సగటున ఎంత మిగులుతుంది? జవాబు, గుర్తు తిరగబడి, మ్యూ పరిమాణం వర్గాన్ని, అదే వర్గం, సగటు అడ్డు ద్రవ్యవేగం వర్గం కలిపిన మొత్తంతో భాగించినంత. 0.754ని 0.866తో భాగిస్తే 0.87. రెండో లెక్క: తాడు వెంబడి ఉన్న స్పిన్ ఎంత మిగులుతుంది? పైన ఆ రెండు వర్గాల తీసివేత, కింద అదే మొత్తం. అంటే 0.642ని 0.866తో భాగిస్తే 0.74, గుర్తు తిరగబడదు. మూడోది లెక్క కంటే నియమం: మొదట స్పిన్ పూర్తిగా ఒక దిక్కున ఉంటే, పయాన్లు ఎన్ని వచ్చినా ఒక్కో సంఘటనలో మిగిలిన క్వార్క్ స్పిన్ పొడవు సరిగ్గా ఒకటే ఉండాలి. పయాన్‌కి స్పిన్ లేదు, స్పిన్ సమాచారం పోవడానికి వేరే చోటు లేదు. 0.87 అన్నది సగటు మీద వచ్చే తగ్గుదల మాత్రమే. స్పిన్ ఒక్కో సంఘటనలో ఒక్కోలా తిరుగుతుంది గనక సగటు చిన్నదవుతుంది.

ఈ మూడో నియమం కోడ్ పరీక్షకి బంగారం లాంటిది. లక్ష సంఘటనల సగటు కోసం ఆగక్కర్లేదు, మొదటి సంఘటనలోనే చూడొచ్చు. ప్రతి తెగుడు తర్వాతా స్పిన్ పొడవు ప్రింట్ చేయించాం. ఒకటి తప్ప ఇంకేది కనబడినా సంయుగ్మమో, గుణకారం వరసో ఎక్కడో తారుమారైందని అప్పుడే తెలుస్తుంది. వేసవి మధ్యాహ్నాలు కరెంటు పోవడం మామూలు కాబట్టి ర్యాండమ్ సీడ్‌ని, సాంద్రతా మాత్రికని ఎప్పటికప్పుడు ఫైల్‌లో దాచేలా పెట్టుకున్నాం. దానివల్ల ఇంకో లాభం కూడా కలిగింది. అనుమానం ఉన్న సంఘటనని ఒక్కదాన్నే వెనక్కి తెచ్చి, చేత్తో గుణించి చూసుకోగలిగారు.

మాత్రిక కోడ్‌లో మొదటి పయాన్ ఎడమకి 0.098, రెండోది కుడికి 0.184, మూడోది ఎడమకి 0.160. రెండు కోడ్‌ల పట్టికలు పక్కపక్కన పెట్టినప్పుడు అమ్మాయి అడిగింది: "మేడమ్, అక్కడ 0.197, ఇక్కడ 0.184. ఇంత చిన్న తేడా కోసం ఈ మాత్రికల గొడవంతా ఎందుకండీ?"

న్యాయమైన ప్రశ్న. ప్రాజెక్టు మొత్తంలో ఎక్కువ సమయం దీనికే పట్టింది, అది సరైన ఖర్చే. "ఐదో పయాన్ చూడమ్మా" అన్నాను. బాణం కోడ్‌లో ఐదోది కూడా 0.197తోనే ఊగుతోంది. మాత్రిక కోడ్‌లో 0.12కి దిగింది. బాణానికి మరపు లేదు. మొదటి క్వార్క్ స్పిన్ తాడు ఎన్నిసార్లు తెగినా అంతే బలంగా గుర్తుంటుందని అది చెబుతోంది. ఒక్కో తెగుడులో స్పిన్ ఎటో కొంత తిరిగే అవకాశం ఉన్నప్పుడు అలా జరగడం అసాధ్యం. తక్కువ శక్తి వాటా ఉన్న పయాన్లలో పెద్ద ర్యాంకులవే ఎక్కువ. కాబట్టి బాణం మోడల్‌ని డేటాతో పోలిస్తే తక్కువ వాటాల దగ్గర తేడా అవసరానికి మించి పెద్దదిగా వస్తుంది. దాన్ని సరిచేయడానికి మ్యూని మారిస్తే ఎక్కువ వాటాల దగ్గర చెడుతుంది.

ఇంతకంటే లోతైన కారణం ఇంకోటి ఉంది. క్వార్క్ స్పిన్‌ని అడ్డంగా కాకుండా తాడు వెంబడి పెట్టి రెండు కోడ్‌లనీ నడపమన్నాను. బాణం కోడ్ ఏమీ చెప్పలేదు. తాడు వెంబడి బాణానికి ఎడమ కుడి లేవు కదా. మాత్రిక కోడ్‌లో మొదటి పయాన్‌కి తేడా లేదు, అది సరైనదే. కానీ మొదటి తెగుడు తర్వాత మిగిలిన క్వార్క్‌కి అడ్డు స్పిన్ పుట్టుకొచ్చింది! ఆ స్పిన్ మొదటి తెగుడు అడ్డు ద్రవ్యవేగం గీత వెంబడే ఉంటుంది. పరిమాణం మ్యూ వాస్తవ భాగం మీద ఆధారపడుతుంది. అడ్డు ద్రవ్యవేగం 0.3 అయితే అది 0.30. ఆ స్పిన్‌తో జరిగే రెండో తెగుడులో కాలిన్స్ ప్రభావం వస్తుంది. అంటే మొదటి పయాన్ అటు పోతే, రెండోది దానికి సవ్యంగానో అపసవ్యంగానో తిరిగి పోవడానికి మొగ్గు చూపుతుంది. దీన్ని జెట్ హ్యాండెడ్‌నెస్ అంటారు. అమెరికాలోని స్లాక్‌లో ఎస్‌ఎల్‌డీ ప్రయోగం జడ్ బోసాన్ క్షయాల్లో దీనికోసం వెతికింది, గట్టి సంకేతం దొరకలేదు. కాలిన్స్ తేడా కల్పిత భాగాన్నీ, మ్యూ పరిమాణాన్నీ మాత్రమే చూస్తుంది. వాస్తవ భాగం గుర్తు ఏమిటో చెప్పగలిగేది ఈ రెండు పయాన్ల తిరుగుడే. బాణం మోడల్‌తో మొదలుపెట్టినవాడికి ఇలాంటి ప్రశ్న ఒకటి ఉందని కూడా తట్టదు. నేను మాత్రిక వైపు ఇంత గట్టిగా నిలబడటానికి కారణం అదే.

తర్వాత డేటా. పెద్ద పోలిక చేయలేదు, మా కోడ్ దానికి తగినది కాదు. గుర్తులూ వరసా మాత్రం సరిచూశాం. హాంబర్గ్‌లోని డెజీ ప్రయోగశాలలో హెర్మిస్ ప్రయోగం 27.6 జీఈవీ లెప్టాన్ (ఎలక్ట్రాన్ జాతి కణం) కిరణాన్ని అడ్డంగా ధ్రువణం చేసిన హైడ్రోజన్ మీద వేసి, 2005లో ఫలితం ప్రచురించింది. ధన పయాన్లు ఒక వైపు, రుణ పయాన్లు ఎదురు వైపు. రుణ పయాన్ల తేడా అంత పెద్దగా ఉండటం అప్పట్లో చాలామందికి వింతగా అనిపించింది. మా పట్టిక చూసినవాళ్లకి వింత కాదు. ప్రోటాన్‌లో అప్ క్వార్క్‌లు రెండు, డౌన్ ఒకటి, పైగా కిరణం క్వార్క్ విద్యుదావేశం వర్గాన్ని బట్టి కొడుతుంది. రెండూ కలిపితే అప్‌కి డౌన్ కంటే ఎనిమిది రెట్లు ఎక్కువ దెబ్బలు పడతాయి. అప్ క్వార్క్ నుంచి ధన పయాన్ మొదటి ర్యాంకులో రాగలదు. రుణ పయాన్ అక్కడ రాలేదు, ఎంత త్వరగా వచ్చినా రెండో ర్యాంకులోనే. రెండో ర్యాంకు ఎదురు వైపు గట్టిగా పోతుందని బోర్డు బొమ్మలోనే ఉంది. సెర్న్‌లో కంపాస్ ప్రయోగం 160 జీఈవీ మ్యూయాన్లతో ఇదే ధోరణి చూసింది. జపాన్‌లోని బెల్ ప్రయోగం 2006లో ఎలక్ట్రాన్-పాజిట్రాన్ ఢీకొట్టుళ్లలో ఎదురెదురు జెట్‌ల పయాన్లను జత చేసి కాలిన్స్ ప్రభావాన్ని చూపింది.

అయితే ప్రయోగాల్లో కనబడేవి కొన్ని శాతాలే. మాది 0.52, అంటే 52 శాతం. ప్రాజెక్టు వైవాలో ఈ ప్రశ్న తప్పకుండా వస్తుందని ముందే చెప్పాను, వచ్చింది కూడా. ప్రోటాన్ ధ్రువణమంతా క్వార్క్‌కి అందదు, అది ఒకటి. లెప్టాన్ క్వార్క్‌ని కొట్టేది ఫోటాన్ ద్వారా, ఆ దెబ్బలో కూడా అడ్డు స్పిన్ కొంత తగ్గుతుంది. లెప్టాన్ శక్తిలో సగం క్వార్క్‌కి వెళితే మిగిలేది 0.8 వంతు. (ప్రయోగాలు ఈ తగ్గుదలని సాధారణంగా భాగించి తీసేసే అంకెలు ఇస్తాయి.) క్వార్క్‌కి ప్రోటాన్‌లోనే ఉన్న సొంత అడ్డు కదలిక దిక్కుల్ని కలగాపులగం చేస్తుంది. ర్యాంకులన్నీ ఒకే పెట్టెలో పడటం వల్ల ఎడమ, కుడి ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి. వీటన్నిటితో పాటు మేం పక్కన పెట్టిన పెద్ద సంగతి ఒకటి మిగిలింది. అది రో మీసాన్లు (మీసాన్ అంటే క్వార్క్, యాంటీక్వార్క్ కలిసిన హాడ్రాన్, పయాన్ కూడా మీసానే).

స్పిన్ ఒకటి ఉన్న రో లాంటి మీసాన్లు ఈ కథలో చిన్న సవరణ కాదు. పిథియా మామూలు అమరికలో అప్, డౌన్ మీసాన్లలో స్పిన్ ఒకటి ఉన్నవాటికీ స్పిన్ లేనివాటికీ నిష్పత్తి 0.5. ఒక్కో రో రెండు పయాన్లుగా విరుగుతుంది. అంటే డిటెక్టర్‌లో పడే పయాన్లలో దాదాపు సగం ఇలా చేతులు మారి వచ్చినవే. రో అన్ని ధ్రువణ స్థితులూ సమానంగా ఉంటే యాంటీక్వార్క్ స్పిన్ ముందు క్వార్క్‌తో ఒకే దిక్కున ఉండే అవకాశం మూడింట రెండు, ఎదురుగా ఉండే అవకాశం మూడింట ఒకటి. పయాన్ విషయంలో అది ఎప్పుడూ ఎదురే. కాబట్టి రో తేడా గుర్తు తిరగబడి, మూడో వంతుకి తగ్గుతుంది. పైగా రో విరిగినప్పుడు పయాన్లు ఎటు పోయాయన్నది మిగిలిన క్వార్క్ స్పిన్‌తో ముడిపడి ఉంటుంది. ఇక్కడ మా మూడో నియమం పనిచేయదు. స్పిన్ సమాచారం కొంత రోలోకి పోతుంది గనక పొడవు ఒకటి ఉండదు. ముందు రోని విరిచి, ఆ కోణాల సమాచారాన్ని క్షయ మాత్రికగా వెనక్కి తెచ్చి, అప్పుడు మాత్రమే తర్వాతి క్వార్క్ స్పిన్‌ని లెక్కించాలి. 1988లో కాలిన్స్, నోల్స్ చూపిన దారి ఇది.

ఇదంతా సిద్ధంగా ఉన్న ప్యాకేజీ ఇప్పుడు ఉంది. కెర్బిజీ, లోన్‌బ్లాడ్ తెచ్చిన స్ట్రింగ్‌స్పిన్నర్, పిథియా 8లో యూజర్ హుక్‌గా (వాడేవాళ్లు తమ కోడ్‌ని తగిలించుకునే కొక్కెంలా) కూర్చుంటుంది. పిథియా ఒక హాడ్రాన్‌ని ప్రతిపాదిస్తుంది, స్పిన్ బరువు దాన్ని ఉంచాలా, తిరస్కరించి మళ్లీ అడగాలా అని తేలుస్తుంది. పిథియా లోపలి లెక్కల్ని ముట్టుకోకుండానే స్పిన్ వచ్చి చేరుతుంది. మొదటి రూపం స్పిన్ లేని మీసాన్లకే, తర్వాతి రూపంలో రో లాంటివీ చేరాయి. మా పిల్లలు ముందు దీన్ని డౌన్‌లోడ్ చేసుకుని నడిపి ఉంటే, బొమ్మలు నా ముందుకి ఇంకా త్వరగా వచ్చేవి. కానీ 0.87 ఎక్కడి నుంచి వచ్చిందో ఇద్దరికీ తెలిసేది కాదు. సొంత కోడ్ తర్వాత ప్యాకేజీ అన్న వరసనే ఇకముందు కూడా పాటిస్తాను.

ఈ ఏడు కొత్తగా తీసుకున్న జట్టు మాత్రిక కోడ్‌కి రోని చేరుస్తోంది. కాగితం లెక్కలు ముందే కట్టి ఫైల్‌లో పెట్టాం. రో ధ్రువణాల్ని కూడి చూస్తే ఎడమ కుడి తేడా మూడో వంతుకి, తిరగబడిన గుర్తుతో రావాలి. రోని విరవకుండా వదిలేసినా, విరిచి పయాన్ కోణాలన్నిటి మీదా సగటు తీసినా తర్వాతి క్వార్క్ సగటు స్పిన్ ఒకటే రావాలి. ఈ రెండోది కుదిరితే క్షయ మాత్రిక సరిగ్గా కూర్చున్నట్టు. ఆ తర్వాతే వీళ్ల చేతికి స్ట్రింగ్‌స్పిన్నర్ ఇస్తాను.